ప్లింత్ బీమ్ దశలో ఉన్నాం: కాంక్రీటు పడ్డాక మార్చలేనివి ఏవేవి?

కొత్తిల్లు_ఖమ్మం:
అందరికీ నమస్కారం. ఖమ్మంలో 200 గజాల స్థలం, 30×60, తూర్పు రోడ్డు. జీ ప్లస్ వన్ కడుతున్నాం. కింద అమ్మానాన్నలు, పైన మేము. ఫుటింగులు, పిల్లర్లు నేల మట్టం దాకా వచ్చాయి, వచ్చే వారం ప్లింత్ బీమ్ (గోడల కింద పిల్లర్లను కలిపే కాంక్రీటు దూలం) పోస్తారు. సంపు ఈశాన్యం, సెప్టిక్ ట్యాంకు వాయవ్యం, ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతి అని వాస్తు ఆయన గుర్తులు పెట్టారు.

టైల్స్, రంగులు, ఉడ్‌వర్కు తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడు పట్టించుకోకపోతే తర్వాత పగలగొట్టాల్సి వచ్చేవి ఏమిటో తెలిసినవాళ్ళు చెప్పండి. మేస్త్రీని అడిగితే "అన్నీ తర్వాత గాడి కొట్టి వేసుకోవచ్చు సార్" అంటున్నాడు. ఏసీలు, ఇన్వర్టరు, సోలారు, ముందుముందు ఎలక్ట్రిక్ కారు అన్నీ లెక్కలో ఉన్నాయి. ఇవన్నీ ఇప్పుడే కొనే బడ్జెట్ లేదు.

తాపీ_లెక్క:
ఇటుక గోడకు గాడి కొట్టుకోవచ్చు. బీముకు, పిల్లరుకు, స్లాబుకు కొట్టకూడదు. మీ మేస్త్రీ ఈ తేడా చెప్పలేదు. పూర్తయిన బీముకు కోర్ కటింగ్ (మెషీనుతో గుండ్రటి రంధ్రం) పెడితే రింగులు (మెయిన్ రాడ్లను చుట్టి కట్టే సన్న రాడ్లు) తెగుతాయి, ఒక్కోసారి మెయిన్ రాడ్డే తెగుతుంది. బయటికి కనిపించదు, బలం మాత్రం పోతుంది.

వచ్చే వారం పని కాబట్టి ముందు ప్లింత్ సంగతి. బాత్రూముల నుంచి వచ్చే నాలుగంగుళాల పైపును బీములోంచి పంపొద్దు, బీము కింద కట్టే గోడలోంచి పంపండి. ఆ చోట గోడలో ఆరంగుళాల పైపు ముక్క స్లీవుగా (తర్వాత అసలు పైపు దూర్చే దారిగా) పెట్టి వదిలితే చాలు. బీములోంచి తప్పనిసరిగా వెళ్ళేవి చిన్నవే: మంచినీళ్ళ పైపు, సంపు మోటారు లైను, మీటరు నుంచి వచ్చే కేబులు, ఇంటర్నెట్ ఫైబరు, గేటు దగ్గరి లైట్లకు, బెల్లుకు వైరు. ఒక్కోదానికి రెండంగుళాల పీవీసీ ముక్క, దానితోపాటు రెండు ఖాళీవి అదనంగా. బీము లోతులో మధ్య భాగంలోనే ఉండాలి, పిల్లరు మొహం నుంచి కనీసం రెండడుగులు వదలాలి, రెండు స్లీవులు పక్కపక్కన అతుక్కుని ఉండకూడదు. మీ స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి డ్రాయింగు మీద గుర్తు పెట్టించండి. రెండు చివర్లా టేపు చుట్టకపోతే కాంక్రీటు నిండిపోయి స్లీవు పెట్టీ ఉపయోగం ఉండదు.

బేస్‌మెంట్ ఎత్తు ఇంకొక్కసారి ఆలోచించండి. మన ఊళ్ళలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోతారు, పదేళ్ళలో రోడ్డు అడుగు లేస్తుంది. ఇప్పటి రోడ్డు మీద మూడడుగులైనా ఉంచండి. ఎత్తు ఖాయం చేసేముందు వీధి కాలువ అడుగు ఎంత లోతులో ఉందో కొలవాలి. మీ సెప్టిక్ ట్యాంకు వెనక వాయవ్యంలో, కాలువ ముందు తూర్పున. అంటే ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు దాదాపు 50 అడుగులు నడవాలి. 60కి 1 వాలు ఇస్తే 10 అంగుళాలు దిగుతుంది. మొదట్లో అడుగు లోతున మొదలైనా గేటు దగ్గరికి 22 అంగుళాల లోతుకు చేరుతుంది. వీధి కాలువ అంత లోతు లేకపోతే వానాకాలం నీళ్ళు వెనక్కి తన్నుతాయి. ఆ లెక్క ముందే తేలితే వెనక ట్యాంకు మట్టాన్నే పైకి జరపొచ్చు. చివరి చాంబరులో నాన్ రిటర్న్ వాల్వు (నీళ్ళను వెనక్కి రానివ్వనిది) ఎలాగూ పెట్టించండి.

చెదల మందు కూడా ఇప్పుడే. లోపల మొరం నింపి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆరాక, పీసీసీ (రాడ్లు లేని నేల కాంక్రీటు) వేయకముందు కొట్టాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీళ్ళకు 2.1 ఎంఎల్, చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం. మీ కింది అంతస్తు సుమారు 100 చదరపు మీటర్లు అనుకుంటే 500 లీటర్లు కావాలి, అంటే మందు లీటరు పైచిలుకు. స్ప్రేయర్ వీపున వేసుకొని రెండు ట్యాంకులు చల్లి వెళ్ళిపోతే అది పని కిందికి రాదు. గోడ, నేల కలిసే అంచు వెంబడి చిన్న కాలువ తీసి అక్కడ ఎక్కువ పోయాలి. మందు పోశాక ఆ మట్టి మళ్ళీ తవ్వితే అక్కడ అడ్డు తెగినట్టే, అందుకే నేలలో వెళ్ళే పైపులన్నీ ముందే పూర్తిచేయాలి.

మెట్లు: అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులైతే 126 అంగుళాలు, 20 మెట్లుగా పంచితే ఒక్కోటి 6.3 అంగుళాలు. అడుగు పెట్టే వెడల్పు 10 నుంచి 11. ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లో జరిగే పొరపాటు ఏమిటంటే, మెట్లు ఫ్లోరింగుకు ముందే పోస్తారు. తర్వాత నేల మూడంగుళాలు పెరుగుతుంది, మెట్టు మీద గ్రానైటు మాత్రం ఒకటిన్నర అంగుళమే పెరుగుతుంది. దాంతో కింది మొదటి మెట్టు ఒకటిన్నర అంగుళం పొట్టిదవుతుంది, పైన చివరిది అంతే పొడుగవుతుంది. పెద్దవాళ్ళు తట్టుకునేది సరిగ్గా ఆ రెండింటి దగ్గరే. ఫ్లోరింగు మందం ముందే ఖాయం చేసి, సెంట్రింగులోనే (కాంక్రీటు పోసే అచ్చులోనే) ఆ తేడా సర్దమని చెప్పండి.

కింద పెద్దవాళ్ళు ఉంటారన్నారు కాబట్టి వాళ్ళ బాత్రూము తలుపు కనీసం మూడడుగులు ఖాళీ వచ్చేలా పెట్టండి. రెండున్నర అడుగుల తలుపులో వీల్‌చైర్ పట్టడం కష్టం. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతారు. కమోడు పక్క గోడ మామూలు ఇటుకదైతే పట్టుకునే రాడ్డు నిలుస్తుంది. తేలిక బ్లాకులైతే 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఒక కాంక్రీటు బిళ్ల కట్టించండి.

లిఫ్టు ఇప్పుడు వద్దన్నా మెట్ల పక్కన 5×5 చోటు రెండు అంతస్తుల్లో ఒకదానిపై ఒకటి వచ్చేలా వదలండి. చుట్టూ బీములు ఇచ్చి ఆ ముక్క స్లాబును విడిగా పోయిస్తే అవసరమైనప్పుడు అదొక్కటే తీసేయొచ్చు. అప్పటిదాకా కింద స్టోరు, పైన బీరువా గది.

ఫేజ్_న్యూట్రల్:
పైన చెప్పినవి సివిల్ సంగతులు. కరెంటు వైపు నా సూత్రం ఒకటే: వైరు తర్వాత లాగొచ్చు, పైపు తర్వాత వేయలేం. ఖాళీ పైపు అడుగుకు పది ఇరవై రూపాయల వ్యవహారం. బడ్జెట్ లేదన్నారు కాబట్టి ఆటోమేషన్, టచ్ స్విచ్చుల డబ్బు ఇటు మళ్ళించండి. ఆ సరుకు పదేళ్ళలో పాతబడుతుంది, పైపు పాతబడదు.

స్లాబులో 25 ఎంఎం పైపే వాడండి, 20 వద్దు. పైపు కింది రాడ్ల మీద ఉండాలి, సెంట్రింగ్ రేకుల మీద పడుకోబెడితే కింద కాంక్రీటు పొర మిగలదు, తర్వాత ఆ గీత వెంబడే సీలింగు పగులుతుంది. నాలుగైదు పైపులు కట్టలా కట్టి ఒకే దారిలో తీసుకెళ్ళినా అదే సమస్య, వాటి మధ్య రెండంగుళాలైనా ఎడం ఉండాలి. ఫ్యాను బాక్సులో 12 ఎంఎం రాడ్డు అడ్డంగా వేసి స్లాబు రాడ్లకు కట్టాలి. 25 ఎంఎం పైపులో 2.5 వైర్లు ఆరు దాటితే లాగడం కష్టం, లాగినా ఇన్సులేషన్ గీసుకుపోతుంది.

వైర్లు: లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు ఎంఎం, మామూలు ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4. ఏసీలకు ఒక్కోదానికి విడి లైను, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్). వంటింట్లో ఫ్రిజ్, ఓవెన్, మిక్సీ, ఫిల్టరు, డిష్ వాషరు అన్నీ ఒకే లైను మీద పెట్టడం మన దగ్గర మామూలు. అలా కాకుండా కనీసం రెండు పవర్ లైన్లు వేయించండి. ఫ్రిజ్ వెనక ప్లగ్గు పెడితే ఫ్రిజ్ గోడకు ఆనదు, స్విచ్ చేతికి అందదు. ప్లగ్గు పక్కకు, స్విచ్ పైకి.

ఇన్వర్టరు: ఏవి దాని మీద నడవాలో ఇప్పుడే రాసుకోండి. గదికి ఒక లైటు, ఒక ఫ్యాను, ఒక చిన్న ప్లగ్గు, వైఫై పెట్టె, గేటు లైటు, కెమెరాలు. వాటి ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) ఒక్కటి విడిగా తెస్తే సరిపోదు, న్యూట్రల్ (తిరిగి వెళ్ళే వైరు) కూడా డీబీ (ఎంసీబీలుండే పెట్టె) దాకా విడిగానే రావాలి. రెండు న్యూట్రళ్ళు ఎక్కడో ఒక స్విచ్ బాక్సులో కలిపేస్తారు, తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతోందని దాన్నే తీసేస్తారు. మనిషి ప్రాణం కాపాడేది ఆ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే. బ్యాటరీని మూసేసిన మెట్ల కింద గూట్లో పెట్టొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చార్జింగులో దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి.

సోలారు: పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ. 3 కిలోవాట్లకు నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి, రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తుంది. పలకలు దక్షిణానికి వాలి ఉండాలి. మీ ట్యాంకు నైరుతిలో ఉంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత దాని నీడ తూర్పుకు, ఈశాన్యానికి జరుగుతుంది. పలకల్ని ట్యాంకుకు తూర్పున ఆనించి పెడితే సాయంత్రం ఉత్పత్తి పోయినట్టే. ఎత్తు స్టాండు మీద పెట్టడమో, ఆగ్నేయం వైపు జరపడమో చేయాలి. మేడ మీది నుంచి మీటరు దాకా 32 ఎంఎం పైపులు రెండు, ఎర్తింగు తీగలకు విడిగా ఒకటి ఇప్పుడే గోడలో దింపండి. ఎర్తింగు గుంతలు సోలారుకు మూడు, ఇంటికి ఒకటి, పక్క సందులో వరసగా చోటు వదలండి. ఇంకో మాట, కరెంటు పోతే మామూలు గ్రిడ్ సోలారు (వీధి లైనుకు కలిపి ఉండేది) కూడా ఆగిపోతుంది. సోలారు ఉంది కదా, ఇన్వర్టరు దేనికి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కారు: పార్కింగులో డీబీ నుంచి నేరుగా 6 చదరపు ఎంఎం లైనుకు 32 ఎంఎం పైపు. ఇంటి చార్జరు 7.4 కిలోవాట్లది అయితే 32 ఆంపియర్లు లాగుతుంది. ఏసీలు, గీజర్లు కూడా కలుస్తాయి కాబట్టి త్రీ ఫేజ్ కనెక్షనే తీసుకోండి, డీబీ కూడా దానికి తగ్గదే పెట్టించండి.

ఇంటర్నెట్ కేబులు కరెంటు పైపులో వేయొద్దు. విడి పైపు, కరెంటు లైనుకు అడుగు ఎడంగా. హాల్లో టీవీ వెనక, పైన హాల్లో సీలింగుకు, ప్రతి కెమెరా చోటికి క్యాట్ 6 కేబులు ఒక్కోటి తెచ్చి ఒకే పెట్టెలో కలపండి. తొమ్మిదంగుళాల గోడలు దాటి పై అంతస్తుకు వైఫై సరిగ్గా అందకపోవచ్చు.

పైపులైను:
బాత్రూముల గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. ఇంట్లో ఎక్కువ గొడవ తెచ్చేది అవే.

మొదటి అంతస్తు బాత్రూముకు అడుగు లోతు సంక్ స్లాబు (మిగతా నేలకంటే కిందికి దించిన స్లాబు) పోసి, పైపులు అందులో పడుకోబెట్టి, ఇటుక ముక్కలతో నింపడం మన అలవాటు. ఎక్కడో ఒక జాయింటు కారితే ఆ అడుగు లోతంతా చెరువవుతుంది. నీళ్ళు కింది సీలింగులో బయటపడేసరికి ఎక్కడ కారుతోందో కనిపెట్టడం కుదరదు. రెండు అంతస్తులూ మీవే కాబట్టి నా సలహా, సంక్ మానేయండి. స్లాబు నాలుగంగుళాలు మాత్రం దించి, పైపులు స్లాబు కింద వేలాడదీసి, కింది బాత్రూములో ఫాల్స్ సీలింగు వేయండి. ఏ జాయింటు కారినా కింది నుంచి కనిపిస్తుంది, పై టైల్స్ ముట్టుకోకుండా బాగుచేయొచ్చు. దీనికి కింద బాత్రూము మీదే పై బాత్రూము రావాలి. ప్లానులో అలా లేకపోతే ఇప్పుడే మార్చుకోండి.

స్లాబు పోసే రోజుకే కమోడు, నహానీ ట్రాపుల (నేల మీది నీళ్ళు దిగే జాలీల) చోట్ల స్లీవులు ఉండాలి. దానికి ముందు కమోడు మోడల్ తెలియాలి. ఎస్ ట్రాపా (పైపు నేలలోకి దిగేది), పి ట్రాపా (గోడలోకి వెళ్ళేది), గోడ నుంచి ఎన్ని అంగుళాలు అన్నది మోడల్ మోడల్‌కూ మారుతుంది. కొలత టైలు మొహం నుంచి ఇస్తారు, మేస్త్రీ ఇటుక మొహం నుంచి కొలుస్తాడు. ప్లాస్టరు, టైలు కలిపి అంగుళంన్నర మింగేస్తాయి. కమోడు గోడకు గుద్దుకోవడమో, వెనక సందు మిగలడమో ఇందువల్లే.

వాటర్ ప్రూఫింగు: మూలల్లో సిమెంటుతో గుండ్రంగా నింపి, పాలిమర్ సిమెంటు కోటింగు రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా. గోడ మీదికి అడుగు ఎత్తు, షవరు దగ్గర ఆరడుగులు. పైపు స్లాబును దాటే చోట చుట్టూ నాన్ ష్రింక్ గ్రౌటు (ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం). తర్వాత నీళ్ళు కట్టి 72 గంటలు ఉంచాలి. ఒక రాత్రి ఉంచి సరిపోయిందంటారు, ఒప్పుకోవద్దు.

నీళ్ళ వత్తిడి చాలామంది మరిచేది. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్. ట్యాంకు అడుగు మేడ మీద నాలుగడుగుల ఎత్తులో ఉండి, పై బాత్రూము షవరు సీలింగుకు మూడడుగుల కింద ఉంటే మొత్తం ఏడడుగులే, అంటే 0.2 బార్. వెడల్పాటి రెయిన్ షవరు దానికి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ప్రెషర్ పంపు ఇప్పుడు కొనకపోయినా ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర టీ, బైపాస్, ఒక పవర్ పాయింటు వదలండి. ట్యాంకు నుంచి దిగే పైపు ఒకటిన్నర అంగుళం, బాత్రూములోకి ఒక అంగుళం, లోపల ముప్పావు, టాపు దగ్గర మాత్రమే అర. ట్యాంకు అవుట్‌లెట్ పక్కన ఎయిర్ పైపు లేకపోతే గాలి పట్టి పై టాపులు ఆగి ఆగి వస్తాయి. వెయ్యి లీటర్లు అంటే టన్ను బరువు, స్టాండు పిల్లర్ల మీదికి రావాలి.

వేడినీళ్ళకు సీపీవీసీ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) తప్ప వేరేది వద్దు. సోలారు హీటరు ఆలోచన ఉంటే మేడ మీది నుంచి గీజరు చోటుకు ఒక సీపీవీసీ లైను ఇప్పుడే దించి మూత వేయండి. కన్సీల్డ్ డైవర్టరు (గోడలో దాచే షవరు కంట్రోలు) పెట్టేట్టయితే దాని బాడీ ప్లాస్టరుకు ముందే కొనాలి. ఎంత లోతు కూర్చోవాలో బాడీ మీదే గీతలుంటాయి. లోతెక్కువైతే హ్యాండిల్ అందదు, తక్కువైతే ప్లేటు గోడకు ఆనదు.

ఫిల్టరు వదిలే వృథా నీటికి వంటింటి నుంచి వాష్ ఏరియాలోని డ్రమ్ముకు అరంగుళం పైపు. డిష్ వాషరుకు నీళ్ళు, డ్రెయిను, పవర్ పాయింటు మూడూ ఒకే చోట. చిమ్నీకి ఆరంగుళాల రంధ్రం, ఏడున్నర ఎనిమిదడుగుల ఎత్తులో, అక్కడ బీము అడ్డం రాకుండా చూసుకోండి.

కొత్తిల్లు_ఖమ్మం:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఏసీల రాగి పైపులు ఇప్పుడే గోడలో వేయించాలా? వెనక పడమటి బెడ్‌రూములు రెండూ వేసవిలో కాలిపోతాయని భయం, దానికేమైనా చేయొచ్చా?

ఫేజ్_న్యూట్రల్:
బయటి యూనిట్ సరిగ్గా ఆ గోడ వెనకే వస్తే రాగి పైపు గోడలో దాచక్కర్లేదు. రెండున్నర మూడంగుళాల రంధ్రం బయటికి కొంచెం వాలుగా వదిలితే చాలు. యూనిట్ దూరంగా ఎక్కడో మేడ మీద పెడితేనే దాచాలి. అప్పుడు కూడా ఏసీ సైజు తేలాకే వేయించండి, పైపు కొలత దాన్ని బట్టి మారుతుంది. వేశాక నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలుస్తోందని చూశాకే గాడి పూడ్చాలి.

తప్పకుండా దాచాల్సింది డ్రెయిను పైపు. అంగుళం పీవీసీ, మీటరుకు సెంటీమీటరు వాలు, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. కొసను నేరుగా మురుగు పైపులో కలిపితే గదిలోకి కంపు వస్తుంది, నహానీ ట్రాపు మీదో వాష్ ఏరియాలోనో వదలండి.

తాపీ_లెక్క:
పడమటి గోడ తొమ్మిదంగుళాలే ఉండాలి, అక్కడ నాలుగున్నర పెట్టి ఇటుక మిగుల్చుకోవద్దు. వీలుంటే బీరువాల గూళ్ళు ఆ గోడకే రానివ్వండి. కిటికీ మీద సజ్జ రెండడుగులు, దాని కింది అంచున అరంగుళం గాడి. ఆ గాడి లేకపోతే వాన నీళ్ళు సజ్జ అడుగున పాకి కిటికీలోకి వస్తాయి. కానీ సాయంత్రం ఎండ వాలుగా కొడుతుంది కాబట్టి సజ్జ ఒక్కటే ఆపలేదు, పడమటి కిటికీ చిన్నది చేసి గాలికి ఉత్తరం వైపు పెద్దది పెట్టండి.

అసలు వేడి ఎక్కువ దిగేది పై కప్పు నుంచి. స్లాబు మీద 100కి 1 వాలుతో సిమెంటు పని, దాని మీద తెల్ల కూల్ రూఫ్ టైల్స్ లేదా పెయింటు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పెయింటైతే కొన్నేళ్ళకోసారి మళ్ళీ వేయాలి, టైల్స్ అయితే జాయింట్లు చూసుకోవాలి.

అదే మేడ మీది వాన నీళ్ళ లెక్క కూడా వేసుకోండి. ఖమ్మంలో ఏడాదికి సుమారు 1000 ఎంఎం వాన. వెయ్యి చదరపు అడుగుల మేడ నుంచి, నష్టాలు పోను, 70 వేల లీటర్లు పైనే వస్తాయి. పైపులన్నీ గేటు వైపుకు తెచ్చి అక్కడ ఇంకుడు గుంతలో వదలండి, పునాదుల పక్కన వద్దు. మేడ మీద నాలుగంగుళాల పైపులు రెండైనా ఉండాలి, ఒకదానికి ఆకులు అడ్డుపడితే రెండోది పనిచేస్తుంది.

పైపులైను:
ఒక చిన్న పని, ఖర్చు లేనిది. ప్లాస్టరుకు ముందు ప్రతి గోడకూ, స్లాబు పోసేముందు ప్రతి గది రాడ్లకూ ఫోటోలు తీయండి. టేపు నేల నుంచి నిలువుగా ఒకటి, మూల నుంచి అడ్డంగా ఒకటి ఫ్రేములో కనిపించాలి. తర్వాత కర్టెన్ రాడ్డుకో గీజరుకో డ్రిల్ చేసేటప్పుడు పైపు ఎక్కడుందో ఊహించక్కర్లేదు. ఫోన్లో ఉంచితే పోతాయి, గది పేరుతో ఫోల్డర్లు చేసి ఇంకోచోట కూడా దాచండి.

గాడి కొట్టిన చోట్ల, పిల్లరు ఇటుక గోడ కలిసే చోట్ల అడుగు వెడల్పు కోడి జాలీ (సన్న ఇనుప వల) కొట్టి ఆపైన ప్లాస్టరు చేయించండి, లేకపోతే మొదటి ఎండాకాలానికే నిలువు పగులు కనిపిస్తుంది. నాలుగున్నర గోడకు అడ్డ గాడి మాత్రం కొట్టనివ్వొద్దు, నిలువుగానే.

తాపీ_లెక్క:
వచ్చే వారం బీమ్ పోసేముందు ఇంకొక్కటి చూడండి. సంపు మోటారు లైను, పవర్ కేబులు రెండూ ఈశాన్యం నుంచే లోపలికి రావాలి. ఆ మూలలో పిల్లరు ఉంది, అక్కడ రాడ్లు కిక్కిరిసి ఉంటాయి, స్లీవులు ఆ మూలలో ఇరికించొద్దు. తూర్పు బీములో పిల్లరు నుంచి మూడడుగుల దాకా జరిపి పెట్టండి. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ తగిలితే స్లీవు జరుగుతుంది, రెండు వైపులా రింగులకు బైండింగ్ వైరుతో కట్టించి, పోసే రోజు మీరే దగ్గరుండి చూడండి.